గురి ఒకటా, ఎనిమిదా?

ఏవీఎన్-101 అని ఒక మందు ఉంది. 2016 నాటికి ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఇవాష్చెంకో బృందం దాని గురించి 2016లో ‘జర్నల్ ఆఫ్ అల్జీమర్స్ డిసీజ్’లో రాసింది. మెదడులో ఒకే రిసెప్టర్‌ని కాకుండా ఎనిమిదింటిని గట్టిగా పట్టుకోవడం ఈ మందు ప్రత్యేకత. సెరటోనిన్‌వి నాలుగు, హిస్టమిన్‌ది ఒకటి, అడ్రినలిన్ ఆల్ఫా-2 రకానివి మూడు. మతిమరుపు జబ్బుకీ, ఆందోళనకీ ఒకే బిళ్ళ పనికొస్తుందన్నది వాళ్ల ఆశ.

ఆ వ్యాసం పట్టుకుని నాకు బాగా తెలిసిన ఒక అక్కాతమ్ముళ్లు వాదించుకున్నారు. అక్క విశాఖపట్నంలో మనోవైద్యురాలు. తమ్ముడు హైదరాబాద్‌లో కొత్త మందుల అణువులు తయారుచేసే రసాయన శాస్త్రవేత్త. వాళ్ల మాటల్ని ఇక్కడ పెడుతున్నాను. నాకు అనిపించింది మధ్యమధ్యలో చెబుతాను, ఎందుకంటే ఈ వాదనలో నేను తటస్థంగా లేను.

తమ్ముడు: అక్కా, ఒక్క రిసెప్టర్‌ని పట్టుకుంటే జబ్బు లొంగుతుందన్న నమ్మకం మనల్ని ఎక్కడికి తెచ్చింది? 5-హెచ్‌టీ6 అనే సెరటోనిన్ రిసెప్టర్ సంగతే తీసుకో. దాన్ని మూసేస్తే జ్ఞాపకశక్తి మెరుగవుతుందని ఎలుకల్లో చూశారు. లుండ్‌బెక్ కంపెనీ దాన్ని మూసేసే ఇడలోపిర్డిన్‌ని మూడు పెద్ద పరీక్షల్లో దాదాపు రెండున్నర వేల మంది మీద పరీక్షించింది. తేడా లేదు. అలాంటిదే ఇంటెపిర్డిన్, 2017లో ఓడింది. మా హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ మసుపిర్డిన్ అని ఎంతో శుభ్రమైన మందు చేసింది, ఆ ఒక్క రిసెప్టర్‌ని తప్ప పక్కవాటిని దాదాపు ముట్టదు. అల్జీమర్స్‌కి డొనెపెజిల్, మెమాంటిన్ వాడుతున్న 564 మంది మీద అమెరికాలో దాన్ని కలిపి పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తి కొలతలో ఏమీ మారలేదు. ఇంత పెద్ద జబ్బుకి ఒక్క మీట చాలదని ఇంకా ఎన్నిసార్లు రుజువు కావాలి?

అక్క: అది ఒప్పుకుంటాను. కానీ నువ్వు చేస్తున్నదేమిటి? 5-హెచ్‌టీ6 పనిచెయ్యలేదని నువ్వే చెప్పి, అదే 5-హెచ్‌టీ6ని నీ ఎనిమిదిలో ఒకటిగా లెక్కేస్తున్నావు.

తమ్ముడు: విడిగా చెయ్యలేనిది కలిసి చెయ్యొచ్చు కదా. నీ చేతి కింద ఉన్న అన్నిటికంటే గొప్ప మందు ఏది? నువ్వే చెప్పావు, క్లోజపిన్ అని. డోపమిన్, సెరటోనిన్, హిస్టమిన్, మస్కరినిక్, ఆల్ఫా-1, అది పట్టుకోని రిసెప్టర్ ఏది? ఉత్తర కరోలినాలో పనిచేసే బ్రయన్ రాత్ 2004లో ఇదే వాదించాడు. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకి ఒకే గురి ఉన్న మందుల కన్నా అనేక గురులున్నవే మేలని.

అక్క: క్లోజపిన్ పేరెత్తితే నేను కరిగిపోతానని నీకు తెలుసు. ఏ మందుకీ లొంగని మనిషి ఆరు నెలల తర్వాత తనే ఆటో మాట్లాడుకుని క్లినిక్‌కి రావడం చూసినదాన్ని నేను. 1988లో జాన్ కేన్ బృందం చేసిన పరీక్ష గుర్తుంది కదా. వేరే మందులు పనిచెయ్యని 268 మంది స్కిజోఫ్రీనియా రోగులు, ఆరు వారాలు. క్లోజపిన్ తీసుకున్నవాళ్లలో 30 శాతం మెరుగయ్యారు, క్లోర్‌ప్రొమజిన్ తీసుకున్నవాళ్లలో 4 శాతం. కానీ ఒకటి చెప్పు. క్లోజపిన్ జాబితా చూసి, దాదాపు అవే రిసెప్టర్లని పట్టుకునేలా ఒలాన్‌జపిన్ చేశారు. క్వెటియపిన్ చేశారు. మంచి మందులే, రోజూ రాస్తాను. మొండి జబ్బు దగ్గర అవి క్లోజపిన్‌తో సరితూగలేదు. జాబితా ఉంది, కానీ ఆ జాబితాలో ఏది అసలు పని చేస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

తమ్ముడు: తేలకపోయినా మనిషి బాగయ్యాడు కదా.

అక్క: బాగయ్యాడు. లాలాజలం కారి తలగడ తడుస్తుంది, మలబద్ధకం ప్రాణం మీదికి వస్తుంది, బరువు పెరుగుతాడు, తెల్లకణాలు పడిపోతాయేమోనని పదేపదే రక్తపరీక్ష. 1975లో ఫిన్‌లాండ్‌లో అలా తెల్లకణాలు పడిపోయి మనుషులు చనిపోయారు, మందుని చాలాచోట్ల ఆపేశారు. ఆ జాబితాలో ఉన్న ప్రతి రిసెప్టర్‌కీ నా పేషెంటు ఏదో ఒక రూపంలో ధర కడుతున్నాడు. ఆ ధర కట్టించడానికి నాకు ధైర్యం ఎక్కడిది? ఎదురుగా మొండి జబ్బు ఉంది, దానికి ఆ 30 శాతం రుజువు ఉంది. నీ ఏవీఎన్-101కి ఆ వ్యాసంలో అలాంటి రుజువు లేదు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మనోవైద్యం మొత్తం ఇలా పలుచోట్ల పట్టుకునే మందుల మీదే లేచి నిలబడింది. క్లోర్‌ప్రొమజిన్ పుట్టింది అలర్జీ మందుల పరిశోధనలోంచి. 1952లో పారిస్‌లోని సెయింటాన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియెర్ డెనికెర్ దాన్ని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్‌ని స్కిజోఫ్రీనియాకి పరీక్షించి, అది దిగులు జబ్బుకి పనిచేస్తోందని గమనించాడు. రిసెప్టర్ల లెక్కలన్నీ తర్వాత వచ్చినవే. తమ్ముడి పట్టుదలకి ఈ చరిత్ర బలం ఇస్తుంది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ రోజుల్లో మంచం పక్కన కూర్చుని రోగిని చూసి కనుక్కున్నారు. ఇప్పుడు ముందు జాబితా వస్తోంది, రోగి చివర వస్తున్నాడు. రెండూ ఒకటి కాదు.

తమ్ముడు: సరే, నీ సొంత మందుల చీటీ చూద్దాం. డెబ్బై అయిదేళ్ల పెద్దాయన, అల్జీమర్స్. డొనెపెజిల్ రాస్తావు, మెమాంటిన్ కలుపుతావు. రాత్రి కేకలేస్తుంటే కొంచెం క్వెటియపిన్. దిగులుగా ఉన్నాడని ఎస్సిటాలోప్రామ్. నాలుగు బిళ్ళలు, అన్నీ కలిపితే ఎన్ని గురులు? నువ్వు చేస్తున్నదీ అనేక లక్ష్యాల చికిత్సే. నేను అడుగుతున్నది దాన్ని ఒకే అణువులో పెడదామని. ఒకే మందు, శరీరంలోంచి పోయే తీరు ఒకటే, ఒకదాన్నొకటి పాడుచేసే గొడవ లేదు. ఆయనకి బిళ్ళలు వేసే కోడలికి కూడా తేలిక.

అక్క: ఆ కోడలి గురించి ఆలోచించావు, సంతోషం. కానీ చూడు. ఆయన పగలంతా మగతగా ఉంటే నేను క్వెటియపిన్ సగం చేస్తాను, డొనెపెజిల్ జోలికి పోను. నాడి మరీ నెమ్మదిస్తే డొనెపెజిల్ ఆపుతాను, మిగతావి ఉంటాయి. నీ ఒక్క అణువులో ఆ పాళ్లు నువ్వు ల్యాబులో ఒక్కసారి నిర్ణయించేశావు. పప్పు, ఉప్పు, కారం కలిపి ఉడికించి డబ్బాలో పెట్టి అమ్మినట్టు. ఉప్పెక్కువైందంటే నేను పప్పు కూడా పారబోయాలి.

తమ్ముడు: పాళ్లు సరిగ్గా కుదిర్చితే?

అక్క: కుదిరాయో లేదో నీ అంకెలతోనే చూద్దాం. ఆ వ్యాసంలో పట్టు కొలతలున్నాయి. చదువు.

తమ్ముడు: 5-హెచ్‌టీ7 మీద 0.153 నానోమోలార్. అంటే అంత గాఢతలో సగం రిసెప్టర్లు నిండిపోతాయి. అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టి. 5-హెచ్‌టీ6, 2ఏ, 2సీ మీద 1.2 నుంచి 2 దాకా. హిస్టమిన్ హెచ్1 మీద 0.58. ఆల్ఫా-2 మూడింటి మీద 0.41 నుంచి 3.6.

అక్క: ఇప్పుడు లెక్క కట్టు. మెదడులో విడిగా తిరిగే మందు 0.15 ఉందనుకో. 5-హెచ్‌టీ7 సగం నిండింది. 5-హెచ్‌టీ6 ఎంత?

తమ్ముడు: దాని పట్టు 2 అనుకుంటే, సుమారు ఏడు శాతం.

అక్క: ఏడు శాతం నిండితే దాన్ని గురి అంటారా? ఇప్పుడు మందు పెంచు. 5-హెచ్‌టీ7 తొంభై శాతం నిండాలంటే 1.4 కావాలి. అక్కడ 5-హెచ్‌టీ6 నలభై శాతం. హిస్టమిన్?

తమ్ముడు: డెబ్బై.

అక్క: ఇంకా పెంచి 5-హెచ్‌టీ6ని ఎనభైకి తీసుకెళ్లాలంటే దాదాపు 8 కావాలి. అప్పుడు హిస్టమిన్ తొంభైమూడు. అంటే నీ మందు ఒక మందు కాదురా. ఒక మోతాదులో దాదాపు ఒకే గురి ఉన్న మందు, ఇంకో మోతాదులో నిద్రమందు, మూడో మోతాదులో నువ్వు చెప్పిన ఎనిమిది గురుల మందు. ఈ మూడింటిలో ఏది పరీక్షిస్తున్నావో చెప్పకుండా ‘అనేక లక్ష్యాలు’ అంటే నాకేం అర్థం కావాలి?

తమ్ముడు: అది గాజుపళ్లెంలో చేసిన లెక్క. నిజం మెదడులో సెరటోనిన్, హిస్టమిన్ కూడా అక్కడే పోటీపడుతుంటాయి, అంకెలు మారతాయి. పైగా మొదటి దశలో ఆరోగ్యవంతులకి రోజుకి 20 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు, బాగానే తట్టుకున్నారు.

అక్క: ఆరోగ్యవంతులు తట్టుకున్నారు. తుమ్ములకి వేసే పాత అలర్జీ బిళ్ళని నీలాంటివాడు వేసుకుంటే కాస్త నిద్రొస్తుంది. అదే బిళ్ళ వేస్తే మతిమరుపు ఉన్న పెద్దావిడ రాత్రి లేచి దారి తప్పి పడిపోతుంది. తుంటి విరిగి నా దగ్గరికి కాదు, ఎముకల వార్డుకి వెళుతుంది. మిర్టజపిన్ చూడు. అది ఆల్ఫా-2, సెరటోనిన్ 2ఏ, 2సీ, హిస్టమిన్‌లని పట్టుకుంటుంది. నీ జాబితాకి చాలా దగ్గర. తక్కువ మోతాదులో ముందు హిస్టమిన్‌నే పట్టుకుంటుంది కాబట్టి 7.5 మిల్లీగ్రాములు నిద్రకి రాస్తాం, దిగులుకి 30 రాస్తాం. ఆ మిర్టజపిన్‌నే అల్జీమర్స్ రోగుల్లో అలజడికి బ్రిటన్‌లో 204 మంది మీద పరీక్షించారు. 2021లో లాన్సెట్‌లో వచ్చింది. పన్నెండు వారాలయ్యాక ఉత్తుత్తి బిళ్ళకీ దానికీ తేడా లేదు.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఆ లెక్క అతనికి కొత్త కాదు, రోజూ చేసే పనే. కానీ మందు గురించి రాసేటప్పుడు ఆ లెక్క వెనక్కి పోయి జాబితా ముందుకి రావడం అతన్నీ కలవరపెట్టింది. నా పక్షం ఇక్కడే ఏర్పడింది. మోతాదు చెప్పకుండా గురుల సంఖ్య చెప్పడం అంటే ఏమీ చెప్పకపోవడమే.

తమ్ముడు: డైమెబాన్ గురించి అడుగుతావని చూస్తున్నాను.

అక్క: నువ్వే చెప్పు. ఏవీఎన్-101కి అది దగ్గరి బంధువు కదా.

తమ్ముడు: రెండూ గామా-కార్బొలిన్ కుటుంబం అణువులే. చివరనున్న ఒక వలయం తీరులోనే తేడా. డైమెబాన్ రష్యాలో 1983 నుంచి అలర్జీ మందు. తర్వాత చెర్నొగోలోవ్‌కాలో సెర్గేయ్ బచూరిన్ బృందం అది మెదడుకి పనికొస్తుందని కనుక్కుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెడివేషన్ అనే కంపెనీ చేపట్టింది. రష్యాలో 183 మంది అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించారు. 26 వారాలకి జ్ఞాపకశక్తి కొలతలో 4 పాయింట్ల తేడా. 2008 జులైలో లాన్సెట్‌లో వచ్చింది. అక్కా, ఆ రోజు మా ల్యాబులో ఎవరూ పని చెయ్యలేదు, అందరం అదే చదివాం. సెప్టెంబరులో ఫైజర్ వచ్చి ముందుగానే 225 మిలియన్ డాలర్లు కట్టింది.

అక్క: తర్వాత?

తమ్ముడు: 2010 మార్చి 3. 598 మంది మీద చేసిన పరీక్ష. ఏ కొలతలోనూ తేడా లేదు. హంటింగ్టన్ జబ్బులోనూ ఓడింది. 2012 జనవరిలో డొనెపెజిల్‌తో కలిపి ఏడాది చూసిన పరీక్షా ఓడింది. అక్కడితో వదిలేశారు.

అక్క: ఆ నాలుగేళ్లూ డైమెబాన్ ఎలా పనిచేస్తుందని చెప్పారు? ముందు కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని, ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ని ఆపుతుందన్నారు. దానికి కావలసిన గాఢత మైక్రోమోలార్లలో, రోగి రక్తంలో ఎన్నడూ ఉండనంత. తర్వాత మైటోకాండ్రియా అన్నారు. తర్వాత 5-హెచ్‌టీ6 అన్నారు. ఒక్కో ల్యాబు ఒక్కో గురి చేర్చింది. అది ఓడిపోయాక మనం ఏం నేర్చుకున్నాం?

తమ్ముడు: ఆ అణువు పనిచెయ్యదని.

అక్క: అంతే. ఇంకేమీ లేదు. నువ్వు మొదట వెక్కిరించిన మసుపిర్డిన్ ఓడితే, ఇడలోపిర్డిన్ ఓడితే, 5-హెచ్‌టీ6 ఒక్కటీ జ్ఞాపకశక్తికి చాలదని ప్రపంచమంతా నేర్చుకుంది. అది ఆ రోగులు మనకిచ్చిన విలువైన జవాబు. డైమెబాన్ పరీక్షల్లో కూర్చున్న వందల మంది, వాళ్లని తీసుకొచ్చి తీసుకెళ్లిన పిల్లలు, వాళ్ల కాలం దేనికి జవాబు ఇచ్చింది? ఆ మందు వాళ్ల మెదడులో ఏ రిసెప్టర్‌ని ఎంత నింపిందో ఎవరూ కొలవలేదు కాబట్టి, ఓటమి నుంచి కూడా ఏమీ దక్కలేదు.

ఈ మాట విన్నాక ఇవాష్చెంకో వ్యాసం నాకు మరోలా కనిపించింది. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో లెక్క తేలింది. అంటే దాదాపు 88 లక్షల మంది. వీళ్లకి కొత్త మందు రావాలని కోరుకోని మనిషి ఉండడు. అందుకే ఎవరైనా ‘ఎనిమిది చోట్ల పనిచేస్తుంది’ అంటే ఇంట్లోవాళ్ల కళ్లలో ఆశ ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఆశని గౌరవించాలంటే ముందు కొలిచి చూపించాలి.

తమ్ముడు: మసుపిర్డిన్ కథ అక్కడితో అయిపోలేదని మర్చిపోకు. ఆ ఫలితాల్లోనే అలజడి, కోపం ఉన్న రోగుల్లో కొంత మెరుగు కనిపిస్తే, ఇప్పుడు ఆ ప్రశ్న మీదే మూడో దశ పరీక్ష పెట్టారు. అది సరే. ఇప్పుడు నా వంతు. గ్జానోమెలిన్.

అక్క: ఇదే తెస్తావనుకున్నా.

తమ్ముడు: ఇలై లిల్లీ కంపెనీ 1990లలో దాన్ని అల్జీమర్స్‌కని పరీక్షించింది. 343 మంది. జ్ఞాపకశక్తి సంగతి అటుంచితే భ్రమలు, భ్రాంతులు తగ్గాయి. కానీ వాంతులు, వికారం తట్టుకోలేక చాలామంది మానేశారు. మందు మూలపడింది. తర్వాత కరూనా అనే కంపెనీ దానికి ట్రాస్పియం జతచేసింది. ట్రాస్పియం మెదడులోకి పెద్దగా వెళ్లదు, మెదడు బయటే ఉండి గ్జానోమెలిన్ అక్కడ చేసే అల్లరిని ఆపుతుంది. 2024 సెప్టెంబరు 26న స్కిజోఫ్రీనియాకి అమెరికాలో అనుమతి వచ్చింది. డోపమిన్‌ని నేరుగా ముట్టని మందు! ఎం1, ఎం4 అనే మస్కరినిక్ రిసెప్టర్లు రెండు గురులు, పైన ఇంకో అణువు. అనేక లక్ష్యాల ఆలోచన గెలిచిందా లేదా?

అక్క: గెలిచింది. దాని గురించి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఎందుకు గెలిచిందో చూడు. ఏ అణువు ఎక్కడ ఉండాలో, ఏం చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ముందే రాసుకున్నారు. దేని పని దానికి అప్పగించారు. అయినా 2025లో వేరే మందులు వాడుతున్నవాళ్లకి అదనంగా ఇచ్చిన పరీక్షలో అనుకున్న గెలుపు రాలేదు. ఇలాంటి మందుకి కూడా హద్దులున్నాయి.

తమ్ముడు: అయితే నువ్వు అనేక లక్ష్యాలకి వ్యతిరేకం కాదన్నమాట.

అక్క: నన్ను అంత తొందరగా నీ వైపుకి లాక్కోకు. పద్ధతిగా కావాలని రెండు గురులు కలిపిన లాడోస్టిజిల్ ఉంది కదా, కోలినెస్టరేజ్‌నీ ఎంఏఓ అనే ఎంజైమ్‌నీ ఆపే అణువు. రోజుకి 10 మిల్లీగ్రాముల మోతాదుతో 210 మంది మీద మూడేళ్ల పరీక్ష చేశారు. ఆ మోతాదులో అది ఆ రెండింటినీ ఆపదు! మరో రకంగా మెదడుని కాపాడుతుందని ఆశపడ్డారు. జబ్బు ముదరడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గురులు అణువులో ఉన్నాయి, బిళ్ళలో లేవు.

తమ్ముడు: అయితే నీ షరతులేమిటి? నీ పేషెంట్లలో ఒకర్ని అల్జీమర్స్‌కి ఏవీఎన్-101 రెండో దశ పరీక్షకి పంపాలంటే?

అక్క: మొదటిది, పెట్ స్కాన్. ఏ మోతాదుకి ఏ రిసెప్టర్ ఎంత నిండిందో మనిషి మెదడులోనే కొలవాలి. 5-హెచ్‌టీ6కి, 2ఏకి, హిస్టమిన్‌కి కొలిచే పదార్థాలు ఉన్నాయి.

తమ్ముడు: వాటిలో చాలావాటికి కార్బన్-11 వాడతారు. ఇరవై నిమిషాలకి సగం కరిగిపోతుంది. పక్కనే సైక్లోట్రాన్ ఉండాలి. ఒక్కో గురికి ఒక్కో స్కాన్ అంటే ఎంత ఖర్చో తెలుసా?

అక్క: 598 మంది మీద చేసి ఏమీ తెలుసుకోకపోవడం కన్నా ఎక్కువా?

తమ్ముడు: సరే. పరీక్షలోనే రెండు మోతాదులు పెడతాను. తక్కువ మోతాదులో ముఖ్యంగా 5-హెచ్‌టీ7 నిండుతుంది, ఎక్కువ దానిలో మిగతా సెరటోనిన్‌లు కూడా. రెండో గుంపు మెరుగైతే ఆ అదనపు గురులకి విలువ ఉందని తెలుస్తుంది.

అక్క: లేదా హిస్టమిన్ వల్ల రాత్రి పడుకున్నారని, అందుకే పొద్దున కాస్త నెమ్మదిగా కనిపించారని తెలుస్తుంది. ఆ రెండింటినీ ఎలా విడదీస్తావు? ఉత్త అలర్జీ మందు ఇచ్చే మూడో గుంపు కావాలి.

తమ్ముడు: మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి కావాలని అలర్జీ మందు ఇవ్వడానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది?

అక్క: ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అంగీకారపత్రం మీద సంతకం పెట్టేది ఆ పెద్దాయన కాదు, తరచుగా కొడుకో కూతురో. మన 2019 నిబంధనల ప్రకారం కొత్త అణువైతే ఇలాంటి నిస్సహాయుల అంగీకారాన్ని వీడియో కూడా తియ్యాలి. ఆ కెమెరా ముందు కూర్చుని నేను వాళ్లకి ఏం చెప్పాలి? ‘ఈ మందులో ఒక భాగం మీ నాన్నకి హాని చెయ్యొచ్చని మాకు ముందే తెలుసు, కానీ విడదియ్యలేకపోయాం’ అనా?

తమ్ముడు: విడదియ్యొచ్చు. అణువులో ఆ వలయాన్ని మార్చి హిస్టమిన్ పట్టు వంద రెట్లు తగ్గించడం మా పనే. 5-హెచ్‌టీ7 పట్టు కూడా కొంత పోతుంది, మళ్లీ దాన్ని తెచ్చుకోవాలి. ఒక ఏడాదో రెండేళ్లో పడుతుంది. అది అయ్యాకే రెండో దశ అడుగుతాను.

అక్క: అడుగు. ఇంకొకటి, నీ మొదటి దశలోనే డెబ్బై దాటినవాళ్లని చేర్చు. వాళ్ల కాలేయం, వాళ్ల కిడ్నీలు, వాళ్ల నడక చూశాక మాట్లాడదాం.